చీలమండ నుంచి తల దాకా

ఆ కుక్కను ఇంట్లో మొదట చూసింది రజియానే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఉదయగిరిలో కొండ కింది వీధిలో ఉన్న బర్కతుల్లా ఇంటి వసారా నిండా చెక్కపొట్టు పోగుపడి ఉంది. ఆయన కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కి అమ్ముతాడు. ఆ పొట్టులో కాళ్లు చాపుకుని ఆడుకుంటున్న పిల్ల పేరు జైబూ. ఆయన పెద్దకూతురు ఖైరూన్ బిడ్డ, ఇంకా నాలుగేళ్లు నిండలేదు. ఖైరూన్ రెండో కాన్పు కోసం ఆత్మకూరు నుంచి పుట్టింటికి వచ్చింది. నిండుచూలాలు, వంగలేదు, పరుగెత్తలేదు. అందుకని బిడ్డను కనిపెట్టి ఉండే పని చెల్లెలు రజియాకు అప్పగించారు. రజియా పదో తరగతి చదువుతోంది. తల్లి లేని ఆ ఇంట్లో అందరూ దాదీ అని పిలిచే నాయనమ్మ మస్తాన్బీ తర్వాత పెత్తనమంతా ఆ పిల్లదే.

కుక్క మొరగలేదు. మొరిగి ఉంటే లేచి తలుపు మూసేదాన్ని కదా అని రజియా తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. అది తోకను కాళ్ల మధ్యకు ముడుచుకుని, కింది దవడ వేలాడేసుకుని, ఎవరో పిలిస్తే వచ్చినట్టు తిన్నగా వసారా ఎక్కింది. నోటి నుంచి తీగలాగా చొంగ కారుతోంది. రజియా గడప మీంచి లేచేలోపే జైబూ మొహం మీద పడింది.

రజియా పిల్లను నడుం పట్టుకుని లాగింది. కుక్క పిల్లను వదిలి ఆమె కాలి దగ్గర ఒక్కసారి నోరు వేసింది. అంతలో బర్కతుల్లా చేతికి అందిన కొయ్యమొద్దుతో దాని వీపు మీద కొట్టాడు. అది అరవకుండానే వీధిలోకి దిగి పోయింది. వీధి మలుపులో మేకలకు ఆకు కోసుకొస్తున్న మునెయ్య అనే ముసలాయన అడ్డం చెయ్యి పెడితే, ఆయన అరచేతిని కొరికింది. బస్టాండు దగ్గర పదిమంది చేరి దాన్ని చంపేశారన్న కబురు సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది.

జైబూ చెంప మీద, కంటికి కాస్త కిందుగా, గాటు పడింది. దాదీ సున్నమూ పసుపూ కలిపి పూసింది. ఖైరూన్ బిడ్డను పొట్టకు ఆనించుకుని ఏడుస్తూ కూర్చుంది. ఇల్లంతా ఆ చెంప చుట్టూనే తిరుగుతుంటే, రజియా దొడ్లోకి వెళ్లి పావడా పైకెత్తి చూసుకుంది. ఎడమ చీలమండ పైన రెండు చిన్న గాట్లు. నెత్తురు పెద్దగా రాలేదు. బట్టల సబ్బు తీసుకుని, చెంబుల కొద్దీ నీళ్లు పోసుకుని, చర్మం మండేదాకా రుద్దింది. తర్వాత పావడా దించుకుని లోపలికి వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒక దర్జీని కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుని వచ్చిన ఆ మనిషి, కడుపు మీద కోడిగుడ్లంత గడ్డలు కట్టి, గోడ పట్టుకుని నడవడం ఆమె కళ్లారా చూసింది. సూది పేరెత్తితే ఆ దర్జీ నడకే కళ్ల ముందు ఆడుతుంది. నన్ను కొరికింది కుక్క కాదు, పొట్టులోని చెక్కముక్క గీరుకుంది అని తనకు తానే చెప్పుకుంది. రాత్రికి దాన్ని సగం నమ్మింది కూడా.

మర్నాడు దాదీ మాట ప్రకారం బర్కతుల్లా, మునెయ్య కలిసి జైబూను ఎత్తుకుని కొండాపురం వైపు పల్లెలో ఆకుమందు ఇచ్చే మనిషి దగ్గరికి వెళ్లొచ్చారు. తిరిగి వచ్చేసరికి పిల్ల నోరంతా పచ్చగా, చేదువాసన కొడుతూ ఉంది. ఉప్పులేని పత్యం పెట్టారు.

"ఇంక భయం లేదంట," అన్నాడు బర్కతుల్లా. ఆయన గొంతులో మాత్రం ధైర్యం వినపడలేదు.

బుధవారం నాడు బళ్లో రామనారాయణ మాస్టారు నాడీకణం పాఠం చెప్పాడు. పదో తరగతికి భౌతికశాస్త్రమూ జీవశాస్త్రమూ రెండూ ఆయనే. పొద్దున వేగం లెక్కలు చెప్పినవాడు మధ్యాహ్నం కణాల బొమ్మలు వేస్తాడు. పొద్దుటి లెక్కలో ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సు ఇంకా బోర్డు ఒక మూల అలాగే ఉంది. దాని పక్కన సుద్దతో వేర్లున్న ఉల్లిగడ్డలాంటి బొమ్మ వేసి, దాని కింద బోర్డు అంచు దాకా ఒక గీత లాగాడు.

"కణాలంటే అన్నీ ఇటికరాళ్ల మాదిరి చిన్నవిగా ఉంటాయని అనుకోబాకండి," అన్నాడు. "దీని ఒళ్లు కంటికి ఆనదు. కానీ ఈ తోక చూడండి. కాలివేలి కాడ మొదలైతే నడుము దాకా ఉంటాది. అంతా కలిపి ఒకటే కణం. మీ కాలంత పొడుగు."

పిల్లలు నవ్వి ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. రజియా నవ్వలేదు. ఆమె ఎడమ కాలు బల్ల కింద తనంతట తానే వెనక్కి పోయింది.

గంట కొట్టాక అందరూ వెళ్లిందాకా ఆగి మాస్టారి దగ్గరికి పోయింది.

"సార్, కుక్క కరిస్తే విషం రక్తంలోనే గదా పోయేది? పాము కరిచినట్టు."

"కాదమ్మా. పిచ్చికుక్క నోట్లో ఉండేది విషం కాదు, క్రిమి. సామాన్యమైన మైక్రోస్కోపులో కూడా కనపడనంత సన్నం. అది రక్తంలో పోదు. కరిచిన చోట నరంలో దూరి, ఇప్పుడు నేను గీసినానే, ఆ తోక లోపలే పాకతా పోతాది. అక్కణ్ణించి వెన్నులోకి, వెన్నులోంచి మెదడుకి."

"తొందరగా పోతాదా?"

"లేదు. నిప్పు తొక్కినప్పుడు కబురు పోయినంత వేగంగా పోదు. చీమ కంటే నింపాదిగా పోతాది. మెదడు చేరిందాకా మనిషికి ఏమీ తెలవదు, తింటాడు, తిరుగుతాడు. చేరినాక ఎంత పెద్ద డాక్టరైనా చెయ్యగలిగింది ఏమీ లేదు. అది చేరేలోపల సూదులు వేయించుకుంటే, ఒంట్లో దాన్ని ఎదుర్కొనే బలం తయారవతాది. రెండిట్లో ఏది ముందు అనేదే."

"ఎన్నాళ్లు పడతాది సార్?"

"పొద్దుటి లెక్కే. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం. అయితే ఇక్కడ వేగం ఇంత అని ఎవరూ చెప్పలేరు, మనిషి మనిషికీ మారతాది. కాలి మీదైతే దూరం ఎక్కువ. మొహం మీదైతే..." ఆయన డస్టరు కింద పెట్టి ఆమెను పరీక్షగా చూశాడు. "ఎవర్ని కరిచిందమ్మా?"

"మా అక్క బిడ్డని."

"ఎక్కడ?"

రజియా తన చెంప మీద, కంటికి కాస్త కిందుగా వేలు పెట్టి చూపించింది. మాస్టారు చేతికంటిన సుద్దపొడి కూడా దులుపుకోకుండా ఆమె వెంట నడిచి బర్కతుల్లా ఇంటికి వచ్చాడు.

దాదీ ఒప్పుకోలేదు. మాస్టారికి చాప వేసి, మర్యాదగానే మాట్లాడింది కానీ మెట్టు దిగలేదు.

"బిడ్డ మందు తిన్నాది సార్. ఇప్పుడు సూది పడిందంటే ఆ మందు విరిగిపోతాది. రెండిటికీ చెడతాం."

"విరిగిపోతే పోనీ అవ్వా. ఆకుమందుకి ఆ క్రిమి చావదు."

"మా మామ కాలం నించీ అందరం అదే తిన్నాం."

"పిచ్చి లేని కుక్క కరిచినోళ్లు ఏం తిన్నా బతుకుతారు. మొన్న వచ్చిన కుక్క ఎట్టా ఉండిందో మీరే చూసినారు."

బర్కతుల్లా తల్లి వైపూ మాస్టారి వైపూ మార్చి మార్చి చూశాడు. అంతలో లోపలి గది తలుపు పట్టుకుని ఖైరూన్ వచ్చి నిలబడింది.

"దాదీ, నా బిడ్డ గురించి నేను చెప్తా ఉండా," అంది తండ్రి వైపు చూస్తూ. "రేపు మొదటి బస్సుకి అబ్బా ఆత్మకూరికి తీసకపోతాడు. నేను ఈ కడుపుతో పోలేను. రజియా పోతాది. ఎన్ని సూదులైతే అన్నీ అయిందాకా ఆడే ఉంటాది."

దాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

పొద్దున బస్సులో జైబూ రజియా ఒళ్లో నిద్రపోయింది. బస్సు దుత్తలూరు మెట్టల మీద ఊగుతుంటే రజియా పిల్ల చెంప మీద పుండును చూస్తూ కూర్చుంది. అక్కణ్ణించి తన వేళ్లతో కొలిచింది. కంటి కింద నుంచి చెవి పైదాకా నాలుగు వేళ్లు. ఆ నాలుగు వేళ్ల దూరంలో అది ఇప్పుడు ఎక్కడ ఉందో. నాలుగు రోజులు దానికి ఇచ్చేశాం. తన కాలును మాత్రం తలచుకోలేదు. తలచుకోకుండా ఉండటానికే పిల్ల చెంపను అంతగా చూసిందేమో.

ఆత్మకూరు బస్టాండులో జైబూ తండ్రి ఖలీలుల్లా ఎదురుచూస్తున్నాడు. ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. చేతులకు గ్రీజుతోనే బిడ్డను ఎత్తుకుని, తనకు తెలిసిన రాజమోహన్ డాక్టరు గారి ఆసుపత్రికి దారి తీశాడు. డాక్టరు పిల్లను చూసి, పుండును మళ్లీ సబ్బునీళ్లతో కడిగించి, ఫ్రిజ్ తెరిచి కాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్కరికి సరిపడా మందే ఉండాది. పధ్నాలుగు రోజులు, రోజుకొకటి, పొట్ట మీద. ఎండలు ముదరక ముందే ఈ ఏడు కుక్కకాట్లు ఎక్కువైనాయి, నెల్లూరులో కూడా మందుకి కటకటగా ఉండాది. ఆ కుక్క ఇంకెవర్నైనా కరిచిందా?"

"మునెయ్యని ఒక మేకలాయన. రమ్మంటే రాలేదు సార్, ఆకుమందు తిన్నాను చాలన్నాడు," అన్నాడు బర్కతుల్లా.

"రావాలి. కబురు చెయ్యండి. వస్తే ఏం చెయ్యాలో నాకూ తెలవదు అనుకో. ఒకరి మందు ఇద్దరికి పంచితే ఇద్దరికీ పనికిరాదు."

రజియా నోరు తెరవబోయి ఆగింది. బస్సులో తలచుకోకుండా దాటేసినదంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. చెక్కముక్క కాదు. దాని దవడ తాకింది, దాని చొంగ వెచ్చగా తగిలింది. ఇప్పుడు చెప్తే తండ్రి రెండు మొహాలూ చూడాల్సి వస్తుంది, కూతురిదొకటి, మనవరాలిదొకటి. ఆయన అట్లా చూస్తుంటే తను చూడలేననుకుంది. ఏమని తేల్చినా ఆ తర్వాత ఆయన మామూలు మనిషిగా ఉండలేడు. పిల్లది నాలుగు వేళ్ల దూరం. తనది కాలు మొత్తం, నడుము, వీపు, మెడ. మాస్టారు వేగం చెప్పలేదు కానీ దూరం సంగతి చెప్పాడు.

జైబూను బల్ల మీద పడుకోబెట్టారు. రజియా పిల్ల రెండు కాళ్లూ గట్టిగా పట్టుకుంది. పొడుగాటి సూది పొట్టలోకి దిగి, మందంతా పోయి, సూది బయటికి వచ్చిందాకా కన్ను ఆర్పకుండా చూసింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఖలీలుల్లా భుజానికెత్తుకుని బయటికి తీసుకెళ్లాడు.

అప్పుడు రజియా పావడా అంచు రెండు వేళ్ల ఎత్తు లేపింది.

"సార్, నన్ను కూడా కరిచింది."

బర్కతుల్లా ఆ కాలి వైపు చూశాడు. తర్వాత ఖాళీ అయిన సీసా వైపు చూశాడు.

"ఎందుకు చెప్పలేదు మే?" అన్నాడు.

"సూదులంటే భయమేసింది అబ్బా." అందులో అబద్ధమేమీ లేదు. మిగిలింది ఆమె చెప్పలేదు.

డాక్టరుకు ఆ మిగిలిందేమిటో తెలిసినట్టే ఉంది. ఆమెను కోప్పడలేదు. గాట్లు చూసి, సబ్బుతో కడిగావా అని అడిగి, వెంటనే నెల్లూరుకు చీటీ రాసి ఖలీలుల్లాను లోపలికి పిలిచి చేతికి ఇచ్చాడు. "కాలి మీద గనక ఇంకా కొన్నాళ్లు వ్యవధి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నా, ఉంటాదని కాదు," అన్నాడు. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచాడు. "కరిచిన చోట తిమ్మిరిగా ఉన్నా, చీమలు పాకినట్టు ఉన్నా, ఒక్క గంట కూడా ఆగకుండా వచ్చి చెప్పు."

ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే ఆమె చీలమండ మీద చీమలు పాకాయి.

బర్కతుల్లా ఖైరూన్ కోసం ఉదయగిరి వెళ్లక తప్పలేదు. రజియా, జైబూ ఖలీలుల్లా ఇంట్లో, ఆయన తల్లి సుగ్రాబీ దగ్గర ఉండిపోయారు. మర్నాడే ఖలీలుల్లా ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు తీసుకుని నెల్లూరు వెళ్లాడు. సాయంత్రం ఐసు కరిగిన నీళ్లతో తిరిగి వచ్చాడు. మందు పైనుంచి రావాలట, వస్తే కబురు చేస్తారట.

ఆ రోజుల్లో రజియా చేసిన పనల్లా రోజూ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, తిరిగి వచ్చి భయపడుతూ కూర్చోవడం. చీలమండ నుంచి మోకాటికి జానెడున్నర. మోకాటి నుంచి నడుముకు ఇంకొంచెం ఎక్కువ. ఎన్నిసార్లు కొలిచినా కాలు పెరగదని తెలుసు. అయినా కొలిచేది. పరీక్షలో దూరమూ వేగమూ ఇచ్చి కాలం కనుక్కోమంటారు. ఇక్కడ దూరం మాత్రమే ఇచ్చారు. మోకాలు దాటిందేమో అనుకున్న రోజున మోకాలు నొప్పి పుట్టింది. నడుము అనుకున్న రోజున నడుము బరువెక్కింది. ఏది నిజంగా ఒంట్లో పుట్టిందో, ఏది తలలో పుట్టిందో ఆమెకు తెలియలేదు. చీమలు మాత్రం వదల్లేదు. డాక్టరు చేత్తో అక్కడ నొక్కి, "నేను అడగక ముందు ఉండిందా?" అన్నాడు. లేదంది. "అయితే మనసుది అయ్యుండొచ్చు," అన్నాడు. ఆయన నోట మళ్లీ అదే మాట, అయ్యుండొచ్చు.

అన్నింటికంటే పొద్దున లేవగానే మంచినీళ్ల వేళంటే గుండె దడ. ఆ జబ్బు మెదడుకు ఎక్కినవాళ్లకు గొంతులో గుటక దిగదని, నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోతుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సుగ్రాబీ చూడకుండా కడవ దగ్గరికి పోయి, గ్లాసు నోటికి ఆనించి, కళ్లు మూసుకుని మొదటి గుక్క మింగేది. దిగితే ఆ పూటకు బతికినట్టు. ఒకసారి పొలమారింది. దగ్గుతూ గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లతో, మళ్లీ గ్లాసు నింపుకుని చివరిదాకా తాగింది.

ఖలీలుల్లా నెల్లూరు మళ్లీ వెళ్లాడు. ఈసారి ఫ్లాస్కు మూత తీస్తే ఐసు మధ్యలో సీసాలున్నాయి. అప్పటికి జైబూ సూదులు సగానికి పైగా అయిపోయాయి. చిన్నప్పటి నుంచి ఏ సూదికి భయపడిందో ఆ సూది కోసం రజియా ఆ సాయంత్రం తనే ముందు నడిచి, తనే బల్లెక్కి పడుకుంది. నొప్పి దర్జీని చూసి ఊహించుకున్నంతా ఉంది. నాలుగో రోజుకు కడుపు మీద గడ్డలు లేచాయి. పక్కకు తిరిగి పడుకోవాలన్నా, నవ్వాలన్నా ప్రాణం పోయేది. అయినా సూది దిగినప్పుడల్లా ఆమెకు ఒక్క క్షణం ధైర్యంగా ఉండేది. ఇప్పుడు తన వైపు నుంచి కూడా ఒకటి బయల్దేరింది కదా అని.

ఆమె సూదులు ఇంకా అవుతుండగానే, జైబూవి పూర్తయిన వారానికి, బర్కతుల్లా వచ్చాడు. ఖైరూన్‌కు మగబిడ్డ పుట్టాడు, తల్లీబిడ్డా బాగున్నారు. ఆ మాట నవ్వుతూ చెప్పి, తర్వాత వంటింటి గుమ్మంలో సుగ్రాబీతో గొంతు తగ్గించి ఇంకేదో చెప్పాడు. రజియా గోడకు ఇవతల నుంచి విన్నది.

"మునెయ్యకి వచ్చేసింది. కబురు చేస్తే ఈడికి రాలా. ముందు చెయ్యి తిమ్మిరన్నాడంట. తర్వాత నీళ్లిస్తే తోసేసినాడు. తలుపు తెరిస్తే గాలికి గూడా ఎగిరెగిరి పడినాడు. మంచానికి కట్టాల్సొచ్చింది. మూడో రోజు పోయినాడు. తెలివి ఉండింది, అదే చూడలేకపోయినాం. నన్ను పేరు పెట్టి పిలిచినాడు."

రజియా గోడకు వీపు ఆనించి నిలబడింది. అంటే ఆ కుక్కకు నిజంగానే పిచ్చి. ఇంతకాలం ఎక్కడో ఒక మూల, ఒకవేళ కాదేమో అన్న ఆశ మిగిలి ఉంది. అది పోయింది. మునెయ్యది అరచెయ్యి. జైబూది చెంప. మందు పడింది నిజమే కానీ నాలుగు రోజులు ఆలస్యంగా పడింది.

మూడు రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం జైబూ అన్నం తినలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. రజియా గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెదాలకు ఆనించింది. పిల్ల మొహం చిట్లించి రెండు చేతులతో గ్లాసును తోసేసింది. నీళ్లు రజియా ఒళ్లో పడ్డాయి.

"తాగు జైబూ. కొంచెం."

పిల్ల తల అడ్డంగా ఊపి ఏడ్చింది. ఏడుస్తుంటే పెదవి చివర నుంచి చొంగ కారింది.

రజియా సుగ్రాబీని కూడా పిలవకుండానే పిల్లను భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది. ఎండలో, కడుపు మీది గడ్డలు అడుగడుగునా పోటు పెడుతుంటే, దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా నడిచింది. పిల్ల నోటి తడి ఆమె మెడకు అంటుతోంది. అది తుడుచుకోవాలో వద్దో ఆలోచించే ఓపిక కూడా లేదు.

డాక్టరు భోజనానికి లేవబోతున్నవాడు ఆమె మొహం చూసి కూర్చున్నాడు.

"నీళ్లు తోసేసింది సార్," అంది రజియా.

ఆయన మొహం కూడా మారింది. అది ఆమె చూసింది. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, ఒక అట్ట తీసుకుని ఆ పిల్ల మొహానికి గాలి తగిలేలా మెల్లిగా విసిరాడు. జైబూ కళ్లు చికిలించింది, అంతే. మళ్లీ విసిరాడు. ఏమీ కాలేదు. నోరు తెరవమన్నాడు, తెరవలేదు. చెంచాతో బలవంతంగా తెరిచి టార్చిలైటు వేసి చూశాడు. ఎంతసేపు చూశాడో రజియాకు తెలియదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది, అందులోని అంకె ఒక్కటీ ఆమెకు అర్థం కాలేదు.

"గొంతులో గడ్డలు వాచినాయి," అన్నాడు డాక్టరు. "మింగితే నొప్పి. అందుకని తోసేసింది." లోపలి నుంచి చల్లటి సోడా తెప్పించి చెంచాతో ఇచ్చాడు. జైబూ మొదటి చెంచాకు ఏడ్చింది. రెండోది మింగింది. మూడోదానికి తనే నోరు తెరిచింది.

రజియా బల్ల అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. కంపౌండరు వచ్చి లేపబోతే డాక్టరు వద్దన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆమె సూదులు పూర్తయ్యాక ఇద్దరూ ఉదయగిరి చేరారు. ఇంట్లో దాదీ ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది కానీ ఆకుమందు మాట ఎత్తలేదు. ఖైరూన్ కొత్తబిడ్డను చెల్లెలి ఒళ్లో పెట్టింది. రజియా ఆ పసివాణ్ణి చూస్తూనే అక్కను అడిగింది.

"మునెయ్యకి కడదాకా నీళ్లు పట్టింది ఎవరు?"

"ఇంకెవరు, మాలకొండమ్మే. పెళ్లాం గదా. కట్టేసినా దగ్గర కూర్చోని చేత్తో నోరు తుడిచిందంట. పక్కన్నే ఉండింది."

రజియా బిడ్డను అక్కకు ఇచ్చేసి లేచింది. ఆ మేకలవాళ్ల ఇల్లు వీధి చివర. మాలకొండమ్మ అరుగు మీద కూర్చుని కంపకొట్టే కత్తికి పిడి బిగిస్తోంది. ముళ్లు గీరుకుని చేతులు రెండూ గీతలు గీతలుగా ఉన్నాయి. రజియా ఆ గీతల మీదే చూపు నిలిపింది.

"అవ్వా, తాత నోరు నువ్వు తుడిచినప్పుడు చేతికి ఈ గాట్లు ఉండినాయా?"

"ఎప్పుడు లేవు మే? కంప కొట్టేదాన్ని. ఏంది ఇప్పుడు?"

రజియా పక్కన కూర్చుంది. మాస్టారు బోర్డు మీద వేసిన బొమ్మను అరుగు మీది దుమ్ములో వేలితో గీసి, చొంగలో క్రిమి ఉంటుందని, చర్మం చిట్లిన చోట దొరికితే చాలునని, అక్కణ్ణించి నరంలో ఎట్లా పాకుతుందో చెప్పింది. ముసలామె బొమ్మను చూడలేదు, తన చేతులు చూసుకుంది. కత్తి పక్కన పెట్టింది.

"ఆయన పడింది నేను కళ్లారా చూసినాను," అంది మెల్లిగా. "నాకు గూడా వస్తాదా?"

"వస్తాదని చెప్పలేను. రాదని గూడా చెప్పలేను. వచ్చేలోపల సూదులు వేయించుకోవాల."

"నొప్పి పుడతాదా?"

అబద్ధం చెప్పాలని రజియాకు అనిపించలేదు. "పుడతాది అవ్వా. శానా నొప్పి. నేను నీ కూడా వస్తాను."

"మేకలు?"

"మా అబ్బాకు చెప్తాను. ఎవరో ఒకరు తోలకపోతారు."

మాలకొండమ్మ లేచింది. తర్వాత లోపలికి పోయి చీర మార్చుకుని, గుడిసెకు తాళం వేసి వచ్చింది. అప్పటికప్పుడే. రేపటి దాకా ఆగుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ముసలామె చెయ్యి దారంతా రజియా చేతిని వదల్లేదు.

నెల్లూరు నుంచి మందు వచ్చి మాలకొండమ్మకూ సూదులన్నీ పడ్డాయి. ఆ తర్వాత ముగ్గురికీ ఏమీ కాలేదు. జైబూ చెంప మీద మచ్చ మిగిలింది. మాలకొండమ్మ మేకలు కాసుకుంటూ ఇంకా చాలా ఏళ్లు బతికింది. కానీ ఏమీ కాదని ఆ ఏడాది వాళ్లకెవరూ హామీ ఇవ్వలేదు. కొందరికి నెలల తర్వాత కూడా పైకి వస్తుందని డాక్టరు దాచకుండా చెప్పాడు. రజియా పదో తరగతి పరీక్షలు రాసింది, పాసైంది, సెలవులు గడిపింది, కాలేజీలో చేరింది. అన్నీ ఒక చెవి చీలమండ వైపు పెట్టుకునే చేసింది. భయం ఏ రోజున పోయిందో ఆమెకు తెలియదు. ఒక చలికాలం సాయంత్రం, ఆత్మకూరు హాస్టల్లో స్నేహితురాళ్లతో మాట్లాడుతూ చెంబెడు నీళ్లు గటగటా తాగేసి, కింద పెట్టాక గుర్తొచ్చింది, మొదటి గుక్క దగ్గర తను ఆగలేదని.